214,74,83,647: ఈ సంఖ్య దగ్గర గడియారాలు ఎందుకు తడబడతాయి?

214 కోట్ల 74 లక్షల 83 వేల 647. రెండును 31 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ఇది. ఇలా వచ్చే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. వాటిలో ఇది ఎనిమిదోది.

ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో ఆయిలర్ చేతి లెక్కతో తేల్చారు. మామూలుగా అయితే 46,340 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. కానీ దీనికి ప్రధాన భాజకం ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 రావాలి. దాంతో వేల భాగహారాలు వంద లోపుకి తగ్గాయి.

కంప్యూటర్లకు ఇదే సంఖ్య ఒక హద్దు. 32 బిట్లలో ఒకటి ప్లస్, మైనస్ గుర్తుకు పోతే, మిగిలిన 31లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. 2014లో 'గంగ్నమ్ స్టైల్' వీక్షణలు దీన్ని దాటబోతుండటంతో యూట్యూబ్ తన కౌంటర్‌ను 64 బిట్లకు మార్చింది.

అసలు గడువు ముందుంది. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను బట్టి సమయం చెబుతాయి. 32 బిట్ల గడియారాల్లో ఆ లెక్క 2038 జనవరి 19న, మన సమయం ఉదయం 8:44:07కి ఈ సంఖ్యను చేరుతుంది. మరుసటి సెకనులో తేదీ 1901 డిసెంబరుకు వెళ్లిపోతుంది. కొత్త ఫోన్లు, కంప్యూటర్లు చాలావరకు 64 బిట్లకు మారాయి. చిక్కల్లా, యంత్రాల్లో ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని పాత చిప్‌లతోనే. వాటిని ముందే వెతికి మార్చుకోవాలి.