మీకు తెలుసా? దిగుబడి, రాబడి, పలుకుబడి

కృష్ణా డెల్టా రైతుల నోట రోజూ నలిగే దిగుబడి, రాబడి, పెట్టుబడి వరసలోదే పలుకుబడి కూడా. మన మాట ఎంత దూరం చెల్లుతుందో అదే మన పలుకుబడి. ఇంత ముచ్చటైన మాటను వదిలేసి ‘ఇన్‌ఫ్లుయెన్స్’ అంటున్నాం. అదీ తక్కువదేం కాదు. లాటిన్‌లో దాని మూలార్థం ‘లోపలికి పారడం’. నక్షత్రాల నుంచి ఏదో శక్తి మనుషుల్లోకి పారుతుందని ఒకప్పుడు యూరప్‌లో నమ్మేవారు. ఇన్‌ఫ్లుయెంజా జ్వరం పేరూ అక్కడి నుంచి వచ్చిందే. కాలవ నీరు పొలంలోకి పారడం చూసినవాళ్లకు ఈ పోలిక ఇట్టే అర్థమవుతుంది.

ఇంగ్లీషు వర్తకులు 1611లో మచిలీపట్నంలో దిగారు. మనం వాళ్ల మాట తెచ్చుకున్నట్టే, వాళ్లూ సరుకులతో పాటు మన దేశపు అధికార పదాలను పట్టుకెళ్లారు. నవాబు వాళ్ల నోట ‘నేబాబ్’ అయ్యాడు. ఇక్కడ సొమ్ము గడించి తిరిగెళ్లిన తమవాళ్లనే 18వ శతాబ్దంలో ఆ పేరుతో పిలిచారు. మొఘల్ పేరేమో బడా వ్యాపారవేత్తకు బిరుదైంది. నిర్మాత డి.రామానాయుడికి ‘మూవీ మొఘల్’గా అది మళ్లీ మన దగ్గరికే వచ్చింది.

ఇలాంటి మాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘మోతుబరి’. ఎకరాలున్న ఆసామి అనే అనుకుంటాం. ఉర్దూ మీదుగా మనకు చేరిన ఈ అరబ్బీ మాటకు అసలు అర్థం ‘నమ్మదగినవాడు’. ప్రామిసరీ నోటు మీద సాక్షి సంతకం కోసం ఊరివాళ్లు ఆయన అరుగెక్కేది అందుకే.