ముప్పది యేండ్లు వేచిన చిత్రము

విమర్శకుల మెప్పు పొందిన కళాఖండము ప్రజల కడకు తప్పక చేరునని మనము తలంతుము. అమెరికా దేశమున చార్లెస్ బర్నెట్ నిర్మించిన ‘కిల్లర్ ఆఫ్ షీప్’ అను చలనచిత్రముయొక్క చరిత్ర ఆ నమ్మకమును సడలించును.

బర్నెట్ 1944లో మిసిసిపీ రాష్ట్రమున జన్మించి, లాస్ ఏంజెలెస్ నగరమున నల్లజాతి శ్రామికులు నివసించు వాట్స్ పేటలో పెరిగెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చదువుచు, పట్టమునకై సమర్పింపవలసిన కృతిగా ఈ చిత్రమును తీసెను. రచన, దర్శకత్వము, ఛాయాగ్రహణము, కూర్పు అన్నియు ఆతనివే. సెలవుదినములలో కొంచెము కొంచెముగా తీసిన యీ చిత్రము 1977లో ముగిసెను. వ్యయము 10,000 డాలర్లకు లోపే.

ఇందు కథ స్వల్పము. స్టాన్ అను గృహస్థు గొఱ్ఱెల వధ్యశాలలో కూలి. పగలు ఆ పని, రాత్రి నిద్రలేమి. భార్య యనురాగము సైతము ఆతని మనస్సును కదలింపజాలదు. ఒకనాడు మిత్రునితో గూడి పాత మోటారుయంత్రము నొకటి కొనును. ఇరువురును చెమటలు గ్రక్కుచు దానిని మెట్లు దింపి బండి కెక్కింతురు. బండి కదలగనే యంత్రము దొరలిపడి పగులును. దానినచ్చటనే విడిచి వారు వెడలిపోవుదురు. పేదవాని యాశ భగ్నమగు తీరును ఇంతకంటె క్లుప్తముగా చూపుట దుర్లభము.

1981లో బెర్లిన్ చిత్రోత్సవమున దీనికి విమర్శకుల బహుమానము లభించెను. 1990లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము దీనిని సంరక్షణార్హమైన జాతీయ చిత్రముల పట్టికలో చేర్చెను. ఇటలీ వాస్తవికతావాదుల చిత్రముల సరసన విమర్శకులు దీనిని నిలిపిరి. అయినను చిత్రశాలల తలుపులు తెరువబడలేదు!

కారణము పాటలు. డైనా వాషింగ్టన్, పాల్ రోబ్సన్ మున్నగువారి గానమును బర్నెట్ హక్కులు కొనకయే చేర్చియుండెను. తరగతికై తీసిన చిత్రమునకు ఆ చింత యేల కలుగును? కాని ఆ పాటలను తొలగించినచో చిత్రమునకు ప్రాణమే పోవును. శిథిలమగుచున్న 16 మి.మీ. ప్రతిని విశ్వవిద్యాలయ భాండాగారమువారు 35 మి.మీ. ఫిల్ముపై పునరుద్ధరించిరి. గీతముల హక్కులకు దాదాపు 1,50,000 డాలర్లు, అనగా చిత్రవ్యయమునకు పదునైదు రెట్లకు మించిన ధనము, కావలసివచ్చెను. తుదకు 2007లో చిత్రము విడుదలయయ్యెను. ఆ యేడే న్యూయార్క్ చిత్రవిమర్శకుల మండలి దీనికి ప్రత్యేక పురస్కార మొసగెను.

విమర్శకుల ప్రశంస ఈ చిత్రమును మరుగునపడకుండ కాపాడెను. ప్రజల కడకు చేర్చుటకు మాత్రము చాలలేదు. తెరపై కనిపించు పసిపిల్లలు నడివయస్సునకు వచ్చినపిమ్మటగాని వారి బాల్యము చిత్రశాలలకు చేరలేదు. ఇతరుల కృతులను భద్రపరచు బాధ్యత గల విద్యావంతు లీ జాప్యమును మరువరాదు.