వైడ్ లెన్సు కొనేముందు వేయాల్సిన లెక్కలు

నికాన్ క్రాప్ సెన్సర్ కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్సు 18 మి.మీ. దగ్గర అడ్డంగా 66 డిగ్రీల మేర చూస్తుంది. అదే కెమెరాకు 10 మి.మీ. లెన్సు తగిలిస్తే 99 డిగ్రీలు కనిపిస్తాయి. ఈ 33 డిగ్రీల కోసం డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఉస్మానియా క్యాంపస్‌లో, తార్నాక రోడ్డు మీద ఒక ఉదయం తిరిగితే తేలిపోతుంది.

వెనక్కి నడిచే చోటుందా?

1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు ఖాళీ జాగా పుష్కలం. 100 మీటర్ల వెడల్పు ఫ్రేములో పట్టాలంటే 18తో సుమారు 77 మీటర్లు, 10తో 43 మీటర్ల దూరంలో నిలబడాలి. అంత దూరం వెళ్లే వీలుంటే కిట్ లెన్సే చాలు. ఒకే చోటి నుంచి తీస్తే 10లో భవనం ఎత్తు 18లో కనిపించే దానిలో 56 శాతమే ఉంటుంది. మిగతాదంతా ఆకాశం, తారురోడ్డు.

దగ్గరికెళ్లి కెమెరా పైకెత్తితే గోడలు వెనక్కి వాలినట్టు పడతాయి. వాలకూడదంటే కెమెరా సమంగా పట్టుకోవాలి. 20 మీటర్ల ఎత్తు భవనం అడ్డం ఫ్రేములో అలా పట్టడానికి 18తో 43 మీటర్లు, 10తో 24 మీటర్ల దూరం కావాలి.

పైసా ఖర్చులేని దారి

కిట్ లెన్సును 18లో పెట్టి, కెమెరా నిలువుగా పట్టుకుని, మూడో వంతు ఒకదానిమీదొకటి పడేలా మూడు ఫొటోలు తీసి కలపండి. సుమారు 109 డిగ్రీలు వస్తాయి. 10 మి.మీ. లెన్సు ఇచ్చేదానికన్నా ఎక్కువే. ముందు ఇది చేసి చూడమని నా గట్టి సలహా.

అయితే కదిలేవాటి దగ్గర ఈ పద్ధతి పనిచేయదు. తార్నాక మీదుగా 2017 నవంబరు నుంచి మెట్రో నడుస్తోంది. మొదటి ఫొటోలో ఉన్న రైలు మూడో ఫొటో నాటికి వెళ్లిపోతుంది. కింద బస్సులూ, ఆటోలూ అంతే. ముందు భాగంలో బాగా దగ్గరి వస్తువున్నా అతుకు కుదరదు.

దగ్గరి రాయి, దూరపు చెట్లు

వైడ్ లెన్సు విలువ తెలిసేది ఇక్కడే. క్యాంపస్‌లో వానకు తడిసిన బండరాయి మీది నాచు, వెనకాల చెట్లు, మబ్బు అన్నీ స్పష్టంగా కావాలనుకోండి. సెన్సర్ మీద 0.02 మి.మీ. వరకు మసకను కన్ను పట్టదన్న మామూలు లెక్క ప్రకారం, ఎఫ్/8లో 10 మి.మీ. లెన్సును 64 సెం.మీ. దగ్గర ఫోకస్ చేస్తే 32 సెం.మీ. నుంచి అనంతం దాకా స్పష్టంగా ఉంటుంది. 18తో అయితే ఆ స్పష్టత మీటరు అవతల నుంచే మొదలవుతుంది. నాచు మీది నీటిచుక్క కనబడాలంటే 10 కావాల్సిందే.

ఏది కొనాలి?

కానన్ 10-18 ఎఫ్/4.5-5.6 లెన్సు 2014లో సుమారు 300 డాలర్లకు వచ్చింది. అంతకుముందున్న కానన్ 10-22 ధర అప్పట్లో దాదాపు దానికి రెట్టింపు. కొత్తది 240 గ్రాములు, పాతది 385. నికాన్ 10-20 ఎఫ్/4.5-5.6 లెన్సు 2017లో వచ్చింది, 230 గ్రాములు. కానన్ 10-18, నికాన్ 10-20 రెండూ 22 సెం.మీ. దగ్గరి దాకా ఫోకస్ అవుతాయి. రెండింటిలోనూ చేతి వణుకును తగ్గించే ఏర్పాటుంది.

ఒక్క జాగ్రత్త: ఈ నికాన్ లెన్సు డీ3100, డీ5100, డీ7000, డీ90 లాంటి పాత బాడీల మీద ఫోకస్ కాదు. అవి ఉన్నవాళ్లకు సిగ్మా 10-20 లాంటివి నయం.

టోకినా 11-20 ఎఫ్/2.8 బరువు 560 గ్రాములు, ఫిల్టర్ సైజు 82 మి.మీ. రాత్రి నక్షత్రాలు తీసేవాళ్లకు ఆ ఎఫ్/2.8 పనికొస్తుంది. ట్రైపాడ్ మీద ఎఫ్/8లో తీసే ల్యాండ్‌స్కేప్‌కు దాని అవసరం లేదు. పోలరైజర్ కూడా ఇప్పుడే వద్దు. అది సూర్యుడికి 90 డిగ్రీల దిక్కున ఆకాశాన్ని బాగా ముదురు చేస్తుంది. అంత వెడల్పు ఫ్రేములో నీలం ఒకచోట చిక్కగా, మరోచోట పలచగా పడుతుంది.

వాడిన లెన్సయితే టార్చి వేసి లోపల ఫంగస్ ఉందేమో చూడండి. ఇటుక గోడకు ఎదురుగా పెట్టి ఎఫ్/8లో ఒక ఫొటో తీయండి. ఒక్క మూల మాత్రమే మసకగా ఉంటే వదిలేయండి.

మూడు ఫొటోలు అతికినా మీ బొమ్మ రావట్లేదంటేనే వైడ్ లెన్సుకు డబ్బు తీయండి. తీసినప్పుడు తేలికైన ఎఫ్/4.5 లెన్సు తీసుకుని, మిగిలినది గట్టి ట్రైపాడ్ మీద పెట్టండి.