నొప్పిని నమ్మింది డబ్బా అమ్మిన ఆంటీయే!

ఒళ్లంతా నొప్పులు, కానీ రిపోర్టులన్నీ నార్మల్. ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ల కథ చాలావరకు ఇలాగే మొదలవుతుంది. మా అక్కది కూడా అంతే. పొద్దున లేస్తే రాత్రంతా నిద్రే పోనట్టు నీరసం. చెప్పబోయే మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ‘ఎక్స్‌రే బాగానే ఉందిగా, ఇంకేంటి?’ అని ఇంట్లోవాళ్లే అన్నారు. కానీ ఈ జబ్బులో పాడయ్యేది కీలు కాదు. నరాలు, మెదడు కలిసి నొప్పి సిగ్నల్‌ని పెంచేస్తాయి. వాల్యూమ్ బటన్ ఇరుక్కుపోయినట్టన్నమాట. అది ఎక్స్‌రేలో ఎలా కనపడుతుంది?

ఆ టైంలో అక్క చెప్పేది గంటసేపు కూర్చుని విన్నది ఒక్కరే. అపార్ట్‌మెంట్‌లో సప్లిమెంట్లు అమ్మే ఆంటీ. వెళ్లేటప్పుడు రెండు డబ్బాలు ఇచ్చి వెళ్లారు. ఆర్నెల్లలో అవి ఐదయ్యాయి. నెలకి నాలుగు వేలు దాటింది. (ఎక్సెల్ షీట్ వేసి మరీ లెక్కగట్టా, మన వృత్తి అలాంటిది!) ఈ డబ్బాలు ఎందుకంత అమ్ముడవుతాయో నాకు అప్పుడే అర్థమైంది.

మరి వాటిలో పనిచేసేవెన్ని? ముందు గ్లూకోసమైన్ చూద్దాం. దీన్ని ఎక్కువగా రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీస్తారు. అమ్మేది అరిగిన మోకాళ్ల కోసం. అక్కకి అరిగిందేమీ లేదు! పోనీ మోకాళ్లకైనా పనిచేస్తుందా అంటే, 2006లో అమెరికాలో 1,583 మంది మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు బయటికొచ్చాయి. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిపి ఆర్నెల్లు వాడినవాళ్లలో నూటికి 67 మందికి నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గింది. మందే లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో? 60 మందికి! నొప్పి బాగా ఎక్కువున్న కొద్దిమందిలో కాస్త మేలు కనిపించినా, మొత్తం మీద తేడా లెక్కలోకి వచ్చేంత లేదని తేల్చారు. ఆ 60 దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. నొప్పి దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది. మనం డబ్బా కొనేది బాగా పెరిగిన వారంలో. తర్వాత తగ్గితే క్రెడిట్ డబ్బాకి పోతుంది.

పసుపు క్యాప్సూల్స్ విషయంలో మాత్రం జాగ్రత్త. కూరలో వేసే పసుపులో కర్క్యుమిన్ మూడు శాతం దాకానే ఉంటుంది. క్యాప్సూల్‌లో దాన్ని బాగా గాఢంగా చేసి, ఒంటికి ఎక్కువ పట్టాలని మిరియాల సారం కలుపుతారు. ఇలాంటివి వాడి లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్లుంటే పసుపు క్యాప్సూల్ అయినా, గ్లూకోసమైన్ అయినా డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకండి.

అక్కకి నిజంగా అవసరమైంది ఆ ఐదింటిలో లేనే లేదు. విటమిన్ డి బాగా తగ్గినా, థైరాయిడ్ తగ్గినా ఒళ్లంతా నొప్పులొస్తాయి. రెండూ మామూలు రక్తపరీక్షలో తెలుస్తాయి. మొదట చేసిన పరీక్షల్లో డి చూడలేదు. తర్వాత చూస్తే, కనీసం 20 ఉండాల్సింది 9 ఉంది. డాక్టర్ వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల సాషేలు ఎనిమిది వారాలకి రాశారు. తుంటి దగ్గర లాగుడు తగ్గింది. మిగతా నొప్పులు అలాగే ఉన్నాయి. అంటే రెండు సమస్యలు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయన్నమాట. ఇక్కడో మాట. కోర్సు అయిపోయాక కూడా ఆ సాషేలు నెలల తరబడి తాగేవాళ్లున్నారు. డి ఎక్కువైతే ఒంట్లోనే పేరుకుపోతుంది, కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది.

ఫైబ్రోమయాల్జియాకి ఏది వాడాలో 2017లో యూరప్ కీళ్ల నిపుణులు అన్ని చికిత్సలనూ తూకం వేశారు. గట్టిగా సిఫార్సు చేసింది ఒక్కటే: వ్యాయామం. అక్కకి ఇది చెప్తే ‘నువ్వోసారి ఈ ఒళ్లు వేసుకుని నడిచి చూడరా’ అంది. న్యాయమే. అందుకే మేడ మీద ఐదు నిమిషాలతో మొదలుపెట్టాం, వారానికి రెండేసి నిమిషాలు పెంచుతూ. మొదటి పదిహేను రోజులు నొప్పి పెరిగింది, నాకు తిట్లూ పెరిగాయి. ఇప్పుడు పాతిక నిమిషాలు నడుస్తోంది. నొప్పి పోలేదు. కానీ రాత్రి మధ్యలో లేవడం తగ్గిందట.