రాతిమీద నిలిచిన జ్ఞానము, మరచిపోయిన తరములు: పోరుమామిళ్ల చెరువు శాసనము సంఘమునకు నేర్పే పాఠము

ఉపోద్ఘాతము

కడప జిల్లాలో సంఘ కాపరిగా సేవ చేసేవారికి వర్షము కొరకు ప్రార్థించడము కొత్త కాదు. మృగశిర కార్తె పోయి ఆరుద్ర కూడా ఎండిపోయినప్పుడు విశ్వాసులు వచ్చి ఉపవాస కూడిక పెట్టమని అడుగుతారు. మేమును అనేక సంవత్సరములు అలాగే పెట్టాము. వాన కురిస్తే కృతజ్ఞతారాధన, కురవకపోతే మరియొక ఉపవాసము. అయితే ఆ సంవత్సరములన్నిటిలో మా ఊరి చెరువు కట్ట ఎవరు వేశారు, అది ఎప్పుడు తెగింది, ఈ నేల ఇంతకుముందు ఎన్ని కరువులు చూసింది అని ప్రసంగ వేదికమీద నుండి మేము ఒక్కసారి కూడా అడగలేదు. ఆ లోటే ఈ వ్యాసమునకు కారణము.

వాతావరణము దీర్ఘకాలములో మారుతుందని, మంచి ఏండ్ల వెనుక చెడ్డ ఏండ్లు వస్తాయని మన పూర్వికులకు తెలుసు. ఆ తెలివి నశించిపోలేదు. కొంత రాతిమీద చెక్కబడి మన మధ్యనే నిలిచియున్నది. మరి సమాజము దానిని ఎందుకు పట్టించుకోదు? ఈ ప్రశ్నను పోరుమామిళ్ల శాసనము ఆధారముగా పరిశీలించి, వాక్యపు వెలుగులో కాపరుల బాధ్యతను ఆలోచించుదము.

1. శాసనము చెప్పేది ఏమి?

పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. శాసనము శక సంవత్సరము 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. చెరువుకు పెట్టిన పేరు అనంతరాజ సాగరము. దినమునకు వెయ్యిమంది కూలీలు, రాతి పనికి నూరు బండ్లు, రెండు సంవత్సరముల కాలము పట్టినట్లు అందులో ఉన్నది.

దానశాసనములు మన దేశములో వేలకొలది ఉన్నాయి. ఈ శాసనపు విశేషము వేరు. మంచి చెరువుకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువును చెరిపే ఆరు దోషములను ఇది వరుసగా చెబుతుంది. జలశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టి మట్టి నేల, తీపి నీటి నది, కట్టను ఆనుకొనే కొండ, మరీ పొడవు కాని దృఢమైన రాతి కట్ట, లోతు వైశాల్యము గల గర్భము, దగ్గరలో మంచి రాతి గని, పని తెలిసిన మనుషులు మొదలైనవి అంగములు. దోషములలో కట్టనుండి నీరు ఊరడము, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండడము, గర్భములో మిట్ట ఉండడము అనేవి నాలుగు. మిగిలిన రెండు మన అంశమునకు ముఖ్యమైనవి. నీరు కొంచెమై సాగు నేల విస్తారముగా ఉండడము ఐదవ దోషము. నేల కొంచెమై నీరు అధికముగా వచ్చి పడడము ఆరవ దోషము.

ఈ రెండును ప్రక్క ప్రక్కన నిలిపినవారికి రాయలసీమ వాన గుణము బాగుగా తెలుసు. ఒకే చెరువు ఒక ఏడు ఎండవచ్చు, మరియొక ఏడు తెగవచ్చు. కడప జిల్లా సగటు వర్షపాతము సుమారు 700 మిల్లీమీటర్లని చదువుకుంటాము. ఆ సగటు వాన చాలా ఏండ్లు పడనే పడదు. శాసనకర్తలు సగటును కాదు, రెండు అంచులను లెక్కలోనికి తీసుకున్నారు.

2. ఆ కాలపు వానలు, అంతకుముందటి కాలము

ఛత్తీస్‌గఢ్‌లోని దండక్ గుహలో, పైకప్పు నుండి కారే నీటివలన పొరలు పొరలుగా పెరిగిన సున్నపు రాతిని శాస్త్రజ్ఞులు పరీక్షించి, క్రీ.శ. 600 నుండి 1500 వరకు నైరుతి ఋతుపవనపు చరిత్రను తయారుచేశారు. 14వ శతాబ్దము నుండి 15వ శతాబ్దపు మధ్య భాగము వరకు ఋతుపవనము పలుమార్లు ఏండ్ల తరబడి బలహీనపడినట్లు అది చూపుతుంది. దక్కనులో 1396లో మొదలైన దుర్గాదేవి కరువు ఆ కాలములోనిదే. దండక్ గుహ మనకు దూరము కాబట్టి దాని లెక్కను పోరుమామిళ్లకు నేరుగా అన్వయించకూడదు. అయినను ఋతుపవనము నిలకడ లేని శతాబ్దములోనే ఈ చెరువు లేచినదని గ్రహించవచ్చు.

ఇంకా వెనుకకు వెళ్లినా మన నేలే సాక్ష్యమిస్తుంది. బేతంచెర్ల సమీపములోని బిల్లసర్గము గుహలను 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ త్రవ్వించినప్పుడు పూర్వపు జంతువుల ఎముకలు దొరికాయి. వాటిలో ఖడ్గమృగము కూడా ఉన్నది. ఆ జాతికి కర్నూలు పేరే పెట్టారు. నేడు ఆ ఎర్రమల కొండలలో మేకకు మేత దొరకడము కష్టము. జ్వాలాపురము దగ్గర సుమారు 74,000 సంవత్సరముల క్రితము సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతము వెదజల్లిన బూడిద పొర ఉన్నది. దాని క్రిందను, పైనను మనుషుల రాతి పనిముట్లు దొరికాయి. వాతావరణము ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదనుటకు మన రెండు జిల్లాల మన్నే చాలును.

3. సమాజము ఎందుకు మరచిపోతుంది?

(అ) కాలపు కొలత: మనిషి జ్ఞాపకము తాత నుండి మనుమని వరకు సాగుతుంది. పెద్ద కరువు దానికంటే ఆలస్యముగా తిరిగి రావచ్చు. ధాత నామ సంవత్సరములో మొదలైన 1876–78 కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును మధ్య కర్నూలు జిల్లా జనులు సుమారు నాలుగవ వంతు తగ్గిపోయారు. పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కే ఎల్ నినో అనే స్థితి ఆ ఏండ్లలో తీవ్రముగా ఉండి, చైనాలోను బ్రెజిల్‌లోను కూడా కరువు తెచ్చినదని నేడు తెలుసు. అంత గొప్ప విపత్తు నేటి యౌవనులకు పేరుగానైనా తెలియదు. నాలుగు మంచి ఏండ్లు వస్తే చాలు, చెరువు గర్భములోనే పైరు పెడతాము, వంకలోనే ఇల్లు కట్టుకుంటాము.

(ఆ) భాష: శాసనము సంస్కృత శ్లోకములలో ఉన్నది. కట్ట మోసినవారికి, నీరు కట్టినవారికి అది చదవడము రాదు. 20వ శతాబ్దములో వి.ఎస్. సుక్తంకర్ గారు దానిని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించినప్పుడు అది ఇంగ్లీషులోనికి వెళ్లింది. పండితుని భాషలో పుట్టి పరిశోధకుని భాషలోనికి పోయిన జ్ఞానము మధ్యలో రైతు ఇంటికి రాలేదు.

(ఇ) బాధ్యత చేతులు మారడము: మాకు తోచినంతవరకు ఇది అన్నిటికంటె బలమైన కారణము. మన సీమలో దశబంధము అనే ఏర్పాటు ఉండేది. చెరువును కట్టినవారికి లేక బాగుచేసినవారికి దాని క్రింద కొంత నేలనో ఫలములో కొంత భాగమునో ఇచ్చేవారు. పేరును బట్టి అది పదియవ భాగము. కట్టను కాపాడినంత కాలమే ఆ హక్కు. అందువలన తెలివి, జీవనాధారము, బాధ్యత ఒకే ఇంటిలో ఉండేవి. 1800లో ఈ సీమ కుంఫిణీకి దత్తమైన తరువాత కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, చెరువుకు తగిన చోటులన్నిటిలో ఈ ప్రజలు ఇంచుమించు ముందే చెరువులు కట్టుకున్నారని గుర్తించాడు. అయితే కాలక్రమమున ఇనాములు మామూలు ఆస్తులుగా మారాయి, మరమ్మతు ప్రభుత్వ శాఖల పనియైనది. తరువాత బోర్లు వచ్చాయి. ఎవరి నీరు వారి పొలములోనే దొరికినప్పుడు ఊరందరి కట్ట ఎవరిది? బాధ్యత పోయిన చోట జ్ఞానము కథగా మిగులుతుంది, ఆ తరువాత కథ కూడా పోతుంది.

(ఈ) మతపరమైన అలక్ష్యము: ఇది మనమీదనే మోపుకోవలసిన నేరము. అన్యదేవతల స్తుతి ఉన్న రాయి అని క్రైస్తవులు అటువైపు చూడలేదు. కరువు వస్తే అది అంత్యకాలపు సూచన అని చెప్పి ప్రసంగము ముగించాము. సూచన అన్నది నిజమే కావచ్చు. కాని సూచన చూచి మేల్కొనమని ప్రభువు చెప్పాడు గాని, పూడిక తీయడము మానమని చెప్పలేదు.

మరచిపోయినందుకు వెల ఎంతయో 2021 నవంబరు 19 తెల్లవారుజామున అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతము చూచింది. చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట, గేట్లు వదలగలిగినదానికంటె ఎక్కువ వరద వచ్చి తెగిపోయింది. నదీతీర గ్రామములు కొట్టుకొనిపోయి అనేకులు ప్రాణములు కోల్పోయారు. ఆరవ దోషమును రాతిమీద చెక్కిన జిల్లాలోనే ఇది జరిగింది.

4. వాక్యపు వెలుగులో

ఆదికాండము 41వ అధ్యాయములో ఏడు సమృద్ధి సంవత్సరముల వెనుక ఏడు కరువు సంవత్సరములు వస్తాయని దేవుడు ఫరోకు తెలియజేశాడు. యోసేపు కల భావము చెప్పి ఊరుకోలేదు. పంటలో ఐదవ భాగము తీసి నిలువచేయమని, దానికి అధికారులను నియమించమని ఏర్పాటు చూపాడు (41:34). ప్రవచనము ఏర్పాటుగా మారినందువలన జనులు బ్రదికారు. అయితే నిర్గమకాండము 1:8లో యోసేపును ఎరుగని క్రొత్త రాజు లేచాడు. ఇశ్రాయేలీయుల శ్రమలు ఆ మరపుతోనే మొదలైనవి. మరచిపోవడము తెలివి తక్కువతనము మాత్రమే కాదు, అది అన్యాయమునకు తలుపు తెరుస్తుంది.

ఆదికాండము 26:15–18లో అబ్రాహాము దినములలో త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చివేశారు. ఇస్సాకు వాటిని తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే మరల పెట్టాడు. నీటితోపాటు పేరును కూడా తిరిగి తీశాడన్నమాట. యెహోషువ 4వ అధ్యాయములో గిల్గాలులో నిలిపిన రాళ్లను గూర్చి పిల్లలు అడుగుతారని, అప్పుడు తండ్రులు చెప్పవలెనని ఆజ్ఞ ఉన్నది. అక్కడ రాయి ఒక్కటే చాలదు. అడిగే బిడ్డ, చెప్పే తండ్రి కూడా కావలెను. పోరుమామిళ్లలో రాయి ఉన్నది, తక్కిన ఇద్దరు లేరు.

లూకా 12:54–56లో మేఘమును, గాలిని చూచి వానను ఎండను చెప్పగలవారు కాలమును ఎందుకు వివేచింపరని ప్రభువు ప్రశ్నించాడు. రేపటి వానను గుర్తించడము వేరు, కాలమును గుర్తించడము వేరు. ప్రభువు అక్కడ ఋతుపవనమును గూర్చి మాట్లాడలేదు. అయినను దగ్గరిది చూచి దూరపుది చూడని మనిషి స్వభావమును ఆయన ఎత్తిచూపాడు.

ఒక హెచ్చరిక కూడా అవసరము. పూర్వకాలపు జ్ఞానమంతా పరిశుద్ధము కాదు. మన శాసనము రాజును కీర్తిస్తుంది గాని, ఆ వెయ్యిమంది కూలీలలో ఒక్కరి పేరు చెప్పదు. 1880లో యెరూషలేములో దొరికిన సిలోయము శాసనము ఇందుకు భిన్నము. హిజ్కియా కాలపు ఆ 533 మీటర్ల సొరంగములో రెండు వైపులనుండి త్రవ్వినవారు ఎలా కలుసుకున్నారో అది చెబుతుంది, రాజు పేరు ఎత్తదు. మన సంఘములలో ఎక్కువమంది మన్ను మోసినవారి సంతానమే. కట్ట వారిది, ఆయకట్టు ఇతరులది. అంటరానితనము వారిని ఊరి నీటికి దూరముగా ఉంచింది. కాబట్టి పాతదానిని తిరిగి తీసేటప్పుడు ఆ అన్యాయమును తిరిగి తీయకూడదు. పైగా మానవ కార్యములవలన భూమి వేడెక్కుతున్న ఈ కాలములో పాత వానల లెక్కలు యథాతథముగా సరిపోవు. భారీ వర్షములు పెరుగుతాయని, ఋతుపవనము మరింత నిలకడ తప్పుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. పాత కొలతలు మారినా, రెండు అంచులకును సిద్ధపడవలెననే పాత వివేకము మారదు.

5. సంఘము చేయగలిగినది

తెలుగు సంఘము కరువు ఒడిలో పెరిగిన బిడ్డ. ధాత కరువులో డాక్టర్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ పనిలో ఒక భాగమును తీసుకొని పేదలకు కూలి కల్పించారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్య మనలో అనేకులకు కంఠస్థము. ఆ ఏడు వాన ఎందుకు పోయినదో, ఎందరు చనిపోయారో మాత్రము మనము చెప్పము. కోతను జ్ఞాపకముంచుకొని కరువును మరచిన సంఘముగా ఉన్నాము.

కాబట్టి మూడు మనవులు చేస్తున్నాము. మొదటిది, వేదాంత విద్యార్థులు సెలవులలో తమ ఊరి నీటి చరిత్ర వ్రాయవలెను. చెరువు పేరు, కట్టినవారు, తెగిన సంవత్సరములు, వృద్ధులు చెప్పే కరువు మాటలు, ఎవరికి నీరు అందినది, ఎవరికి అందలేదు అనేవి అందులో ఉండవలెను. రెండవది, ఏటేటా కోత పండుగలో ఆ చరిత్రను చదివి పిల్లలకు చెప్పవలెను. మూడవది, వర్షము కొరకు ఉపవాస ప్రార్థన చేసేటప్పుడు ఆరాధన ముగిసిన వెంటనే పెద్దలు చెరువు కట్టమీదికి నడిచి వెళ్లి తూమును, మరవను, పూడికను చూచి, కనబడిన లోపమును ఊరివారందరితో కలిసి అధికారులకు తెలుపవలెను.

ముగింపు

జ్ఞానము రాతిమీద ఉన్నంత మాత్రాన జీవించదు. ఏటేటా చేసే పనిలో, ఎవరో ఒకరు లెక్క అప్పజెప్పవలసిన బాధ్యతలో అది జీవిస్తుంది. దశబంధము అనే మాట పోయినా, దశమభాగము అనే మాట మన సంఘములలో ఇంకను ఉన్నది. దానిలో కొంత ఊరి నీటి కొరకు వెచ్చించితే అది దేవుని పనికి బయటిది కాదు. ఈసారి మేము ఉపవాస కూడికను చెరువు కట్టమీదనే పెట్టవలెనని తలంచుచున్నాము. అక్కడ ఏ బిడ్డయైనను ఈ కట్ట ఎవరు వేశారని అడిగితే, చెప్పుటకు సిద్ధముగా ఉందుము.