ముసురు పట్టిన ఐదో రోజు నడిచేదే అసలు జనరేటర్

చిల్కూరు, మొయినాబాద్, చేవెళ్ల దిక్కు తోటలల్ల చిన్న చిన్న ఇండ్లు మస్తు లేస్తున్నయి. కొన్ని సిటీల ఉద్యోగాలు చేసెటోళ్లు ఆదివారం వచ్చిపోయే ఫామ్‌హౌస్‌లు. కొన్ని రైతులు బావి కాడ కట్టుకున్న ఇండ్లు. ఊర్ల కరెంట్ ఉంటది గానీ, తోట లోపలికి పోల్, తీగ, ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకోవాల్నంటే ఖర్చు ఇంటాయన మీదనే పడ్తది. అందుకే కొందరు కనెక్షన్ జోలికి పోకుండ సోలార్ ప్యానెల్స్, బ్యాటరీలు, ఇన్వర్టర్ పెట్టుకొని నడుపుకుంటున్నరు.

ఎండాకాలం, చలికాలం దీంతోటి రంది లేదు. కథంత వానకాలంల మొదలైతది. జులై, ఆగస్టుల నాలుగైదు రోజులు ఇడువకుండ ముసురు పడితే ప్యానెల్స్ చేతులెత్తేస్తయి. అప్పుడు యాదికొచ్చేది జనరేటర్. దుకాణానికి పోతే ‘పెద్దది తీస్కోండి సార్, ఫికర్ ఉండదు’ అంటరు. అసలు మోసపోయేది అక్కడనే. సోలార్ ఇంటికి జనరేటర్ ఎంత పెద్దదన్నది కాదు, ముసురు పట్టిన ఐదో రోజు ఎవరు స్టార్ట్ చేసినా నడుస్తదా లేదా అన్నది చూడాలె.

ముందుగాల లోటు ఎంతో లెక్క తియ్యాలె

ఒక మామూలు ఇల్లు తీస్కుందాం. ఫ్రిజ్, టీవీ, నాలుగు ఫ్యాన్లు, లైట్లు, మిక్సీ, వైఫై. రోజుకు 5 యూనిట్లు కాల్తయి. మీద 2 కిలోవాట్ల ప్యానెల్స్ ఉన్నయి. మంచి ఎండ ఉంటే కిలోవాట్‌కు 4 యూనిట్ల లెక్కన రోజుకు 8 యూనిట్లు వస్తయి. కింద 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు. కాగితం మీద అవి 7.2 యూనిట్లు పట్టుకుంటయి. సగం కన్నా ఎక్కువ వాడితే వాటి ఆయుష్షు తగ్గుతది కాబట్టి, మన చేతికొచ్చేది మూడున్నర యూనిట్లే.

గట్టి ముసురుల ప్యానెల్స్ ఇచ్చేది నాలుగో వంతు, అంటే 2 యూనిట్లు. ఖర్చు 5, రాబడి 2. రోజుకు 3 యూనిట్ల లోటు. రెండో రోజు పొద్దుమూకేసరికి బ్యాటరీ అడుగంటుతది. అంటే జనరేటర్ చెయ్యాల్సిన పని రోజుకు ఈ 3 యూనిట్లు పూడ్చుడే. ఇల్లు మొత్తాన్ని రాత్రంత మోసుడు కాదు.

ఇల్లు నడిపేటందుకు కాదు, బ్యాటరీ నింపేటందుకు

ఫంక్షన్ హాల్ జనరేటర్ వేరు, సోలార్ ఇంటి జనరేటర్ వేరు. ఇక్కడ దాన్ని రోజుకు మూడు గంటలు నడిపి, ఇన్వర్టర్ల ఉన్న చార్జర్‌తో బ్యాటరీ నింపుకోవాలె. ఆ తర్వాత బంద్ చేసి, రాత్రి బ్యాటరీ మీద పండుకోవాలె.

ట్యూబులర్ బ్యాటరీలను వాటి ఏహెచ్‌ల పది నుంచి పదిహేను శాతం కరెంట్‌తోటి నింపితే మంచిది. 150 ఏహెచ్‌కు 15 నుంచి 20 ఆంపియర్లు. నాలుగు బ్యాటరీలు ఒకదాని ఎన్క ఒకటి కలిపి 48 వోల్టుల సిస్టమ్ చేస్తే, చార్జర్ గుంజేది సుమారు 1.3 కిలోవాట్లు. ఆ టైమ్‌ల ఇంట్ల నడిచేది ఒక అర కిలోవాట్. మొత్తం 1.8 కిలోవాట్లు. దీనికి 3 కేవీఏ జనరేటర్ చాలు. కేవీఏను 0.8తోటి గుణిస్తే కిలోవాట్లు వస్తయి. 3 కేవీఏ అంటే 2.4 కిలోవాట్లు. 1.8 లోడ్ దానికి ముప్పావు వంతు. ఇంజన్‌కు అదే మంచి లోడ్.

ఇంకో ముచ్చట. బ్యాటరీ ఎనభై శాతం దాటినంక చార్జింగ్ మెల్లగైతది. ఆ మిగిలిన కొంచెం కోసం జనరేటర్ నడిపితే పెట్రోల్ కాల్తది, కరెంట్ ఎక్కదు. ఎనభై కాడ బంద్ పెట్టి, మిగిలింది ఎండకు ఇడిసిపెట్టాలె. ముసురు పోయినంక మాత్రం ఒకసారి పూర్తిగ నిండనియ్యాలె.

పెద్దది కొంటే ఏమైతది?

కొందరు పాత 15 కేవీఏ డీజిల్ సెట్ సస్తగ దొరికిందని తెచ్చి పెడ్తరు. ఒకటిన్నర, రెండు కిలోవాట్ల లోడ్‌కు అది ఖాళీగ తిరిగినట్టే లెక్క. డీజిల్ ఇంజన్ అంత తక్కువ లోడ్ మీద నడిస్తే సరిగ్గ వేడెక్కదు. కాలని డీజిల్, మసి సైలెన్సర్ల, సిలిండర్ల పేరుకుంటయి. నల్లపొగ, ఆయిల్ కారుడు, ఆఖరికి ఇంజన్ విప్పుడు. పైంగ 2023 జులై 1 నుంచి కొత్త డీజిల్ సెట్లకు సీపీసీబీ-4 ప్లస్ పొగ రూల్స్ వచ్చినయి. పాత సెట్ ఆ లెక్కకు తూగదు.

పెద్దది ఎందుకంటే చానామంది చెప్పే కారణం బోరు మోటార్. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లే గానీ, స్టార్టయ్యేటప్పుడు మోటార్ నాలుగైదింతల కరెంట్ గుంజుతది. అందుకే 1 హెచ్‌పీ మోటార్‌కే 3 కేవీఏ దాకా కావాలె, అది కూడ చార్జర్ బంద్ పెట్టినప్పుడే. 3, 5 హెచ్‌పీ మోటార్లకు ఈ జనరేటర్ ఆగదు. దీనికి మందు పెద్ద జనరేటర్ కాదు, పెద్ద ట్యాంక్. ఎండ ఉన్నప్పుడే నీళ్లు ఎక్కించి, నాలుగైదు రోజులకు సరిపోను నిల్వ పెట్టుకుంటే మోటార్ గొడవే ఉండదు. నీళ్లు నిల్వ పెట్టుడు, కరెంట్ నిల్వ పెట్టుడు కన్నా సస్త.

పెట్రోలా, డీజిలా?

చిన్న పెట్రోల్ జనరేటర్ లీటర్‌కు ఒకటిన్నర యూనిట్లు ఇస్తది. హైదరాబాద్‌ల లీటర్ వంద దాటింది కాబట్టి యూనిట్ 70 రూపాయల దాకా పడ్తది. చిన్న డీజిల్ సెట్‌ల సగం ఖర్చు. ఇది విన్నోళ్లు డీజిలే మేలంటరు. కానీ గంటలు లెక్క పెట్టాలె. ఏడాదికి ఇరవై ముసురు రోజులు, రోజుకు మూడు గంటలనుకుంటే 60 గంటలే. పెట్రోల్ ఖర్చు రోజుకు 400, ఏడాదికి 8 వేలు. డీజిల్‌తోటి మిగిలేది 4 వేలు. దానికోసం ఎన్నో ఇంతలు ధర పెట్టి, బరువైన సెట్ కొనుడు దండుగ. ఏడాదికి వందల గంటలు నడిపే డెయిరీ, కోళ్ల ఫారం, పాలీహౌస్‌లకైతే డీజిలే సరి.

పెట్రోల్‌తోటి ఉన్న తిప్పలు ఒకటే, నిల్వ ఉంటే చెడిపోతది. ఇప్పుడు బంకులల్ల దొరికేది ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ గాలిల తేమను గుంజుతది. నెలలకొద్ది ట్యాంకుల ఉంచితే కార్బొరేటర్‌ల జిగురు పట్టి, సరిగ్గ వానకాలం మొదలైన నాడు స్టార్ట్ కాదు. అందుకే పని అయిపోయినంక పెట్రోల్ కాక్ బంద్ చేసి, ఇంజన్ అదే ఆగేదాక నడపాలె. సీజన్ ఒడిశినంక ట్యాంక్ ఖాళీ చెయ్యాలె.

ఇన్వర్టర్‌కు నచ్చాలె

జనరేటర్ నడుస్తది, ఇంట్ల లైట్ వెలుగుతది, బ్యాటరీ మాత్రం ఎక్కదు. ఈ ఫిర్యాదు చానా ఇండ్లల్ల ఉంటది. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ ఊగులాడితే ఇన్వర్టర్ ఆ కరెంట్‌ను లోపలికి రానియ్యదు. అందుకని వోల్టేజీని నిలకడగ ఉంచే ఏవీఆర్ ఉన్నది గానీ, ఇన్వర్టర్ టైప్ జనరేటర్ గానీ చూడాలె. ఇన్వర్టర్ టైప్ ధర ఎక్కువే గానీ సప్పుడు తక్కువ, లోడ్‌ను బట్టి స్పీడ్ తగ్గించుకుంటది కాబట్టి పెట్రోల్ తక్కువ తాగుతది. మీ సోలార్ ఇన్వర్టర్‌ల చార్జింగ్ ఆంపియర్లు తగ్గించే సెట్టింగ్ ఉందో లేదో కూడ చూడాలె. అది లేకుంటే చార్జర్ ఒక్కసారే గుంజి చిన్న జనరేటర్‌ను ఆపేస్తది. పైసలు ఇచ్చే ముందే, మీ ఇన్వర్టర్‌కు కలిపి అరగంట చార్జింగ్ చేసి చూపెట్టుమని అడగాలె.

స్టార్ట్ చేసేది ఎవరు?

ఫామ్‌హౌస్ ఓనర్ ఆదివారం వస్తడు. వారమంత అక్కడ ఉండేది కాపలా కుటుంబం. వానల, చీకట్ల జనరేటర్ కాడికి పోయేది ఆ ఇంటి ఆడబిడ్డో, పెద్దమనిషో. కొనేటప్పుడు వాళ్లను ఎవరూ అడగరు. సెల్ఫ్ స్టార్ట్ ఉండాలె. దాని చిన్న బ్యాటరీ దిగిపోతే తాడు గుంజి స్టార్ట్ చేసే వీలు కూడ ఉండాలె. చేంజోవర్ స్విచ్ మీద ఏది సోలార్, ఏది జనరేటర్ అని తెలుగుల రాసి పెట్టాలె. నెలకొకసారి లోడ్ మీద ఇరవై నిమిషాలు నడిపి చూడాలె. కొత్తదానికి మొదటి ఇరవై గంటలకే ఆయిల్ మార్చాలె, ఆ తర్వాత కంపెనీ బుక్కుల ఉన్న లెక్క. కంపెనీ పేరు కన్నా ముందుగాల అడగాల్సింది, మొయినాబాద్‌ల, చేవెళ్లల దాన్ని విప్పే మెకానిక్ ఉన్నడా, ప్లగ్గు, ఫిల్టర్, కార్బొరేటర్ అదే రోజు దొరుకుతయా అని.

అన్నిటికన్నా పెద్ద ముచ్చట పొగ. వాన పడుతుందని జనరేటర్‌ను వరండలకో, కాపలా గదికి ఆనిచ్చో పెడ్తరు. ఆ పొగల కార్బన్ మోనాక్సైడ్ ఉంటది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రల ఉన్నోళ్లు లేవకుండనే పోతరు. కిటికీ తెరిచినం కదా అంటే సరిపోదు. ఇంటికి ఇరవై అడుగుల అవతల, నాలుగు దిక్కులా గాలాడే రేకుల కప్పు కింద పెట్టాలె. సైలెన్సర్ మూతి ఇంటి దిక్కు, గది దిక్కు ఉండొద్దు.

గండిపేట పక్కనే ఉన్నం

చిల్కూరు ఆనుకొని గండిపేట చెరువు, మృగవని నేషనల్ పార్క్ ఉన్నయి. 1908 మూసీ వరద తర్వాత సిటీని కాపాడేటందుకు, నీళ్లు తాపేటందుకు కట్టిన చెరువది. గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్లు పాడుగావొద్దనే 1996ల 111 జీవో తెచ్చిండ్రు. ఇక్కడి మట్టిల పోసిన ఇంజన్ ఆయిల్ వానకు కొట్టుకపోయేది ఆ చెరువు దిక్కే. మార్చిన ఆయిల్ డబ్బల పట్టి మెకానిక్‌కు అప్పజెప్పాలె. జనరేటర్ కింద సిమెంట్ గద్దె, చుట్టు చిన్న గట్టు కట్టిస్తే కారింది కారినట్టు ఆగుతది.

ఇంత చేసినా జనరేటర్ ఆఖరి దారే. ముందుగాల పాత ఫ్యాన్లు తీసి తక్కువ వాట్లవి పెట్టుండ్రి. ఇంకో కిలోవాట్ ప్యానెల్ ఎక్కిస్తే ముసురుల కూడ ఒక యూనిట్ ఎక్కువ వస్తది, పెట్రోల్ లెక్కన అది రోజుకు 70 రూపాయలు. పోల్ దగ్గర్లనే ఉంటే కనెక్షన్ తీస్కునుడే మేలు. 2024ల మొదలైన పీఎం సూర్యఘర్‌ల ఇండ్లకు 78 వేల దాకా సబ్సిడీ ఇస్తున్నరు, అది కూడ కరెంట్ కనెక్షన్ ఉన్నోళ్లకే. ఇవన్నీ చూసుకున్నంకనే జనరేటర్ దుకాణం మెట్లెక్కాలె. ఎక్కేటప్పుడు వారమంత తోటల ఉండే ఆ కాపలాదారును కూడ ఎంబడి తీస్కపోవాలె.