తాళం అందరిదీ, తాళంచెవి ఎవరిది వారిదే

తిరుమలాయపాలెం మండలంలో పత్తి, మిర్చి పండించే రైతు సరుకు అమ్ముకుంటే ఆ పైకం నేడు చాలావరకు బ్యాంకు ఖాతాలోనే జమ అవుతోంది. ఆదాయ ధ్రువీకరణ పత్రం కావాలన్నా 2011లో మొదలైన మీసేవా కేంద్రానికి వెళుతున్నాం. మన పేరు, మన ఖాతా నంబరు, మన వేలిముద్ర తీగల వెంట, గాలి వెంట ఎక్కడెక్కడికో ప్రయాణం చేస్తున్నాయి. నడి దారిలో వాటిని మరొకరు చదవకుండా కాపాడుతున్నది ఎవరు? ఆ కావలి ఎవరి చేతుల్లో ఉంది? మనలో చాలామందికి తట్టని ప్రశ్న ఇది.

ఆ కావలి పని చేసేవి భద్రతా లైబ్రరీలు. కంప్యూటర్ పరిభాషలో లైబ్రరీ అంటే గ్రంథాలయం కాదు. ఒకరు రాసి పెడితే వేలాది ప్రోగ్రాములు వాడుకునే పనిముట్ల పెట్టె. మాటను సంకేతలిపిలోకి మార్చడం, అవతలివాడు నిజంగా బ్యాంకేనా అని పరీక్షించడం వీటి పని. ఇంటర్నెట్‌లో చిరునామాకు ముందు కనిపించే ‘హెచ్‌టీటీపీఎస్’లోని చివరి అక్షరం వీటి గుర్తే.

ఈ తాళానికి రూపం ఇచ్చినవారిలో ముఖ్యులు తాహిర్ ఎల్‌గమాల్. 1955లో ఈజిప్టు రాజధాని కైరోలో పుట్టారు. 1985లో ఆయన ప్రకటించిన సంకేతలిపి పద్ధతి నేటికీ ఆయన పేరుతోనే ప్రసిద్ధం. 1995 నుంచి 1998 వరకు ఆయన అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీలో ముఖ్య శాస్త్రవేత్త. నేటి ఇంటర్నెట్ లావాదేవీలకు పునాది అయిన ఎస్ఎస్ఎల్ పద్ధతి రూపుదిద్దుకున్నది ఆ కంపెనీలోనే.

అయితే ఆ రోజుల్లో ఆ తాళం లోపలి అమరికను కంపెనీ బయటపెట్టలేదు. దాచితే భద్రమని లోకం అనుకుంటుంది. జరిగింది వేరు. 1995లోనే బర్కిలీ విద్యార్థులు ఇద్దరు, ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్, ఆ ప్రోగ్రామును విడదీసి చూశారు. తాళంచెవిని తయారుచేయడానికి అది గడియారంలోని సమయం వంటి సులువుగా ఊహించగల అంకెలను వాడుతోందని తేల్చారు. దాచిన తాళం లోపాన్ని కూడా దాచిపెట్టిందన్నమాట.

ఇందులో వింత ఏమీ లేదు. 9వ శతాబ్దంలోనే బాగ్దాద్ పండితుడు అల్ కిందీ, రహస్యలిపిలో ఏ గుర్తు ఎన్నిసార్లు వస్తుందో లెక్కిస్తే గుట్టు విప్పవచ్చని చూపారు. 1883లో కెర్కాఫ్స్ అనే పండితుడు సూత్రం చెప్పారు: తాళం తయారీ శత్రువుకు తెలిసినా ఫరవాలేదు, తాళంచెవి ఒక్కటి దక్కితే చాలు. అలా నిలవగలిగినదే తాళం.

1998లో నెట్‌స్కేప్ తన బ్రౌజరు మూలాన్ని, అంటే ప్రోగ్రాము రాతప్రతిని, ‘మొజిల్లా’ పేరుతో లోకానికి ఇచ్చివేసింది. భద్రతా భాగాన్ని మాత్రం ఇవ్వలేకపోయింది. బలమైన సంకేతలిపిని దేశం దాటించడంపై అమెరికా చట్టం ఆంక్షలు పెట్టింది. ఆర్ఎస్ఏ పద్ధతిపై పేటెంటు మరో అడ్డంకి. 2000 జనవరిలో ఆంక్షలు సడలాయి. అదే ఏడాది సెప్టెంబరులో పేటెంటు గడువు తీరింది. భద్రతా లైబ్రరీలు కూడా 2000లోనే మొజిల్లాకు చేరాయి. ‘ఎన్ఎస్ఎస్’ అనే ఆ పెట్టె నేటికీ ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో పనిచేస్తోంది. ఫైర్‌ఫాక్స్ తెలుగులోనూ దొరుకుతుంది. అందులోని మాటలను తెలుగు చేసింది స్వచ్ఛంద సేవకులే.

ఇచ్చివేస్తే పని అయిపోయిందా? కాలేదు. మన ప్రాంతపు చెరువునే తీసుకుందాం. చెరువు ఊరందరిదీ. కానీ కట్ట మీద తిరిగి బుంగ ఎక్కడ పడిందో చూసే నీరటి లేకపోతే ఆయకట్టు అంతా మునుగుతుంది. ‘ఓపెన్ఎస్ఎస్ఎల్’ అనే మరో ఉచిత భద్రతా లైబ్రరీకి జరిగింది అదే. 2012లో అందులోకి ఒక లోపం చొరబడింది. ‘హార్ట్‌బ్లీడ్’ పేరుతో అది 2014 ఏప్రిల్‌లో బయటపడే వరకు, రెండేళ్లపాటు, ఎవరూ గమనించలేదు. సర్వర్ల జ్ఞాపకంలోని రహస్యాలు కారిపోయే ప్రమాదం ఏర్పడింది. లోకమంతా ఆధారపడిన ఆ లైబ్రరీకి అప్పుడు పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడే. ఏటా అందే విరాళాలు సుమారు 2000 డాలర్లు. ముప్పు ముంచుకొచ్చాకే పెద్ద కంపెనీలు లైనక్స్ ఫౌండేషన్ ద్వారా నిధి సమకూర్చాయి.

2024లో ప్రమాదం మరో రూపంలో వచ్చింది. ‘ఎక్స్‌జెడ్’ అనే లైబ్రరీని చూసుకుంటున్న వ్యక్తి అలసిపోయి ఉన్నాడు. సాయం చేస్తానంటూ ఒక అపరిచితుడు చేరి, రెండేళ్లకు పైగా మంచి పని చేసి నమ్మకం సంపాదించి, చివరకు దొంగదారి అమర్చాడు. లాగిన్‌కు అర సెకను ఆలస్యం ఎందుకు అవుతోందని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రూండ్ అనే ఇంజనీరు మార్చి నెలాఖరులో ఆ గుట్టు రట్టు చేశాడు. మూలం తెరిచి ఉంది కాబట్టి వెతకగలిగాడు. వెతికేవాడు ఉన్నాడు కాబట్టి లోకం బయటపడింది. రెండూ కావాలి.

అప్పగించిన సొమ్మును మన ఇళ్లలో అమానత్ అంటాం. ఈ లైబ్రరీలూ అలాంటివే. కోట్లాది మంది తమ రహస్యాలను ముక్కూ మొహం తెలియని కొద్దిమందికి అప్పగించారు. ఖమ్మం, వరంగల్, హైదరాబాద్ కళాశాలల్లో ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు ఆ కొద్దిమందిలో చేరకూడదా? హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు విద్యార్థులకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పరిచయం చేస్తున్నాయి. మొదటి రోజే సంకేతలిపి రాయనక్కరలేదు, రాయకూడదు కూడా. ముందు ఇతరులు రాసినది చదవాలి. పరీక్షలు రాయాలి. లోపం కనిపిస్తే ఊరంతా చాటకుండా, నిర్వాహకులకు గోప్యంగా తెలిపి, సరిచేసే వ్యవధి ఇవ్వాలి. ఓపిక, నిజాయితీ ఉన్నవారికి అక్కడ ఎప్పుడూ పని ఉంటుంది.

జీతం లేని పనికి సమయం ఎందుకని తల్లిదండ్రులు అడగవచ్చు. ఆ అనుభవం ఉద్యోగానికీ అక్కరకొస్తుంది. అంతకు మించి, తమ ఊరి రైతు ఖాతాకు తామూ ఒక పూట కాపలా కాశామన్న తృప్తి మిగులుతుంది. ఆ తృప్తికి వెల కట్టగలమా?